పంటి వేరులో సీలు ఎంత గట్టిది?

రూట్ కెనాల్ చేయించుకున్న పంటిని ఎక్స్‌రే తీస్తే వేరు నిండా తెల్లగా కనిపించే పుల్ల పేరు గుట్టా పెర్చా. మలయా ప్రాంతపు చెట్టు పాల నుంచి వచ్చిన ఈ పదార్థం పందొమ్మిదో శతాబ్దం నుంచీ పళ్లలో చేరుతోంది. అయితే అది పంటి గోడకు అతుక్కోదు. మిగిలే సందును పూడ్చడానికి పుట్టిందే సీలర్.

1931లో అమెరికాలో రికర్ట్ తెచ్చిన సీలర్‌లో జింక్ ఆక్సైడ్, యూజినాల్ ఉండేవి. పంటినొప్పికి మనం బుగ్గన పెట్టుకునే లవంగంలోని ఘాటు ఈ యూజినాల్‌దే. రికర్ట్ మందులోని వెండి వల్ల పళ్లు నల్లబడుతుంటే, గ్రాస్‌మన్ వెండి లేని రకం తయారుచేశారు. తడికి కొద్దికొద్దిగా కరిగే గుణం మాత్రం మిగిలిపోయింది. 1950లలో స్విట్జర్లాండ్‌లో ఆండ్రే ష్రోడర్ ఎపాక్సీ రెసిన్‌తో ఏహెచ్ 26 చేశారు. దాని వారసుడు ఏహెచ్ ప్లస్‌తోనే నేటికీ కొత్త సీలర్లను పోల్చి చూస్తారు. ఇటీవలి బయోసిరామిక్ సీలర్లకైతే వేరులోని తేమే గట్టిపడే సాధనం.

వీటిలో ఏది తక్కువ కారుతుంది? పీకేసిన పళ్లను నింపి, మిథిలీన్ బ్లూలో ముంచి, కోసి, రంగు ఎంత దూరం పాకిందో కొలిచేవారు. ఇలాంటి పరీక్షలు లెక్కలేనన్ని జరిగాయి, ఒకదానితో ఒకటి పొసగలేదు. సందులో గాలి బుడగ చిక్కుకుంటే రంగు లోపలికి పోదు, కారే సీలు కూడా గట్టిదనిపించుకుంటుంది. కొన్ని కాల్షియం పదార్థాలు ఆ నీలిరంగునే వెలిసిపోయేలా చేస్తాయి. చివరికి 2007లో ‘జర్నల్ ఆఫ్ ఎండోడాంటిక్స్’ సీలర్ల లీకేజీని పోల్చే ఇలాంటి వ్యాసాలు ఇక వేసుకోబోమంది. నా దృష్టిలో అది రోగికి మేలు చేసిన నిర్ణయం.

నన్ను ఎక్కువగా కదిలించింది 1990లో టొరాబినెజాద్ బృందం చేసిన ప్రయోగం. వేర్లు నింపి, పైభాగం మూయకుండా బ్యాక్టీరియాకు వదిలేశారు. ఒక రకం బ్యాక్టీరియా 19 రోజుల్లో, మరో రకం 42 రోజుల్లో సగానికి పైగా వేర్లను ఈ చివర నుంచి ఆ చివరకు దాటేశాయి. 1995లో రే, ట్రోప్ 1010 పళ్ల ఎక్స్‌రేలు పరిశీలించి, వేరు ఆరోగ్యానికి లోపలి పని కన్నా పైన వేసిన ఫిల్లింగ్ నాణ్యతే ముఖ్యమన్నారు. రెండూ ముఖ్యమేనని తర్వాతి అధ్యయనాలు సరిచేశాయి. నొప్పి పోయిందిగదా అని తాత్కాలిక ఫిల్లింగ్‌తోనే నెలలు గడిపి, క్యాప్ వాయిదా వేసేవాళ్లను చూస్తే అందుకే నాకు బెంగ. ఆ తాత్కాలిక ఫిల్లింగ్ అరిగి ఊడిందంటే ఉమ్మి నేరుగా సీలర్ దాకా దిగుతుంది.