వేచియుండుట, నిలిచిపోవుట: కంప్యూటరు విన్నపముల వేగ నియంత్రణము

గత సంవత్సరము మేము కొందరము విద్యార్థులము మా కళాశాలకు వచ్చువారి స్వగ్రామములను పటముపై గుర్తింప బూనుకొంటిమి. మొత్తము 600 పేర్లు. పేరు పంపినచో అక్షాంశ రేఖాంశములను తెలుపు ఉచిత సేవ యొకటి ఇంటర్నెట్టున దొరకినది. మా ప్రోగ్రాము 600 విన్నపములను ఒక్కుమ్మడిగా పంపినది. కొన్నింటికి సమాధానము వచ్చినది. తక్కినవాటికి 429 అను సంఖ్య మాత్రము తిరిగి వచ్చినది. 2012లో ప్రమాణముగా ఏర్పడిన ఈ సంఖ్యకు మితిమీరి అడుగుచున్నారని భావము. తప్పు మాదే.

ఇట్టి సేవలకు పరిమితి యుండుట న్యాయము. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి నామినాటిమ్ సేవ విరాళములపై నడచునది. సెకనుకు ఒక్క విన్నపమునకు మించరాదని దాని నియమము. ఒక్కరు తొందరపడినచో తక్కిన వారందరికిని ఆలస్యమగును.

మొదట మాకు తోచిన ఉపాయము, ఒకేసారి అయిదు విన్నపములకు మించి నడువకుండ సెమఫోర్ అను కాపలా పెట్టుట. ఇది చాలునని పెక్కురు భ్రమపడుదురు, మేమును పడితిమి. లెక్క చూడుడు: ఒక్కొక్క సమాధానము 0.2 సెకనులో వచ్చినచో, సెకనుకు 25 విన్నపములు పోవును! ఒకేసారి ఎన్ని అనునది వేరు, సెకనుకు ఎన్ని అనునది వేరు.

పిదప పైథాన్ భాషలో టైమ్ మాడ్యూలులోని స్లీప్ చేత విన్నపమునకు విన్నపమునకు నడుమ ఒక సెకను విరామ మిచ్చితిమి. వేగము తగ్గినది గాని, ఆ సెకనులో ప్రోగ్రాము సర్వమును నిద్రించినది. వచ్చిన సమాధానమును చదువువారు లేరు. మీట నొక్కినను తెర మారలేదు. అసింక్రనస్ పద్ధతిలో పనులన్నియు ఒకే థ్రెడ్డుపై వంతులవారీగా నడచును గనుక, ఒకటి దారిలో నిద్రించిన అన్నియు ఆగును.

వైద్యుని గదికి వచ్చిన రోగిని తలచుకొనుడు. వంతు వచ్చుదాక గుమ్మములోనే నిలిచినచో లోనివారు బయటకు రాలేరు. కాంపౌండరు చీటీపై వేళ వ్రాసి ఇచ్చినచో అతడు చెట్టు నీడన కూర్చుండును. దారి ఖాళీగా నుండును. ఎసింక్ఐఓ మాడ్యూలులోని స్లీప్ చేయునది ఇదియే. ఆ ఒక్క పని ప్రక్కకు తొలగును, తక్కినవి సాగును.

చీటీ వ్రాయుటలో ఒక మెలకువ కలదు. తరువాతి వేళ యేదో ఒకచోట గుర్తుంచవలెను. వచ్చిన ప్రతి పనియు ఆ వేళను తనదిగా గైకొని (అది గతించినచో ఇప్పటి వేళనే గైకొని), గుర్తును ఒక సెకను ముందుకు జరిపి, అటుపిమ్మటనే నిద్రింపవలెను. నిద్ర లేచిన పిదప జరిపినచో, ఇద్దరు రోగులకు ఒకే వేళ దొరకును. మేము ఈ వరుసను తారుమారుగా వ్రాసి ఒక మధ్యాహ్నమంతయు పోగొట్టుకొంటిమి.

అప్పటికిని 429 రావచ్చును. దానితో రిట్రై-ఆఫ్టర్ అను సూచన యున్నచో, అది చెప్పినంత కాలము అందరి చీటీలను వెనుకకు నెట్టవలెను, తిరస్కృతుడైన ఒక్కనినే కాదు. ప్రోగ్రామును రెండు కంప్యూటర్లపై నడపినచో ఒక్కొక్కటి తన చీటీలనే లెక్కించును గనుక వేగము రెండింత లగును.

600 పేర్లకు పది నిమిషములు పట్టినవి. ఆ పది నిమిషములును ఒక్కొక్క గ్రామము పటముపై చుక్కగా వెలయుచుండగా చూచుచుంటిమి. సమాధానములను దాచి యుంచితిమి. ఈ ఏడు క్రొత్తగా చేరినవారి గ్రామములను మాత్రమే అడిగితిమి.