ఒక టికెట్టు, ఒక కొవ్వొత్తి

ఏటా ఫిబ్రవరి నెలాఖరు వచ్చేసరికి మన విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల గేటు దగ్గర ఒక బ్యానరు కడతారు. విజ్ఞాన వారోత్సవాలు, ప్రవేశం ఉచితం, అందరూ రావచ్చు అని. వారం రోజులూ రోజుకొకరు వచ్చి ఉపన్యాసం ఇస్తారు. ఒకరు ఎండతో కరెంటు తీయడం గురించి చెబితే, ఇంకొకరు చెరువుల గురించీ, వేరొకరు వేడెక్కుతున్న భూమి గురించీ చెబుతారు. మీ సైన్సు మాస్టారు మిమ్మల్ని వరసలో నిలబెట్టి తీసుకువెళతారు. మీరు వెళ్లి వెనక బెంచీ చూసుకుని కూర్చుంటారు, కబుర్లకు అనువుగా ఉంటుందని. మాకు తెలుసులెండి. మేమూ అలాగే కూర్చున్నాం.

ఈసారి వెళ్లేముందు, ఇలాంటి ఉపన్యాసానికే వెళ్లిన ఒక కుర్రాడి సంగతి వినండి.

అతను లండన్‌లో ఒక కమ్మరి కొడుకు. పేదరికం ఎంతటిదంటే, ఒక కరువు ఏడాది అతని వంతుకు వారానికి ఒక్క రొట్టె ఇచ్చి, దానితోనే వారమంతా గడుపుకోమన్నారు. బడి చదువు అంతంత మాత్రమే. పధ్నాలుగో ఏట పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకోవడానికి కుదిరాడు. ఏడేళ్ల ఒప్పందం. పుస్తకం కుట్టి అట్ట వేసి పంపేస్తే అతని పని అయిపోయినట్టే. కాని ఈ కుర్రాడు కుట్టిన పుస్తకాన్ని చదివేవాడు కూడా! విజ్ఞాన సర్వస్వం ఒకటి బైండింగుకు వస్తే అందులో విద్యుత్తు మీద వ్యాసం చదివాడు. జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయనశాస్త్ర పుస్తకం చదివాడు. చదివి ఊరుకోక, చేతిలో ఉన్న కాస్త డబ్బుతో చిన్న చిన్న ప్రయోగాలు చేసి, పుస్తకంలో రాసింది నిజమో కాదో చూసుకున్నాడు.

1812లో ఆ దుకాణానికి వచ్చే విలియం డాన్స్ అనే ఆయన ఈ కుర్రాడి ఆసక్తి చూసి నాలుగు టికెట్లు ఇచ్చాడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకు టికెట్లు అవి. డేవీ అంటే ఆ రోజుల్లో లండన్‌లో ఎంత మోజంటే, ఆ వీధిలో గుర్రపు బళ్లు కిక్కిరిసి కదలలేకపోయేవి. అందుకే దాన్ని ఒకవైపే వెళ్లే వీధిగా మార్చారని చెబుతారు. మన కుర్రాడు పైన గ్యాలరీలో కూర్చున్నాడు. మోకాళ్ల మీద కాగితాలు పెట్టుకుని విన్నదల్లా రాసుకున్నాడు. బల్ల మీది పరికరాల బొమ్మలు గీశాడు. ఇంటికి వెళ్లి అంతా సాపు చేశాడు. అలా మూడువందల పేజీలు దాటాయి. బైండు చేయడం తెలిసినవాడే కదా, చక్కగా అట్ట వేసి పుస్తకం చేశాడు.

సైన్సులో ఏదో ఒక చిన్న పని ఇప్పించండి, నేల తుడిచే పనైనా సరే అన్నట్టు, అప్పటి రాయల్ సొసైటీ అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. జవాబు లేదు. స్వయంగా వెళ్లి అడిగితే, ఆ ఉత్తరానికి జవాబు అక్కర్లేదన్నారని గుమ్మం దగ్గరి మనిషి చెప్పాడు. ఎవరికైనా ఉసూరుమనిపిస్తుంది. ఇతను మాత్రం ఆ ఏడాది చివర తన పుస్తకాన్ని డేవీకే పంపాడు. డేవీ పుస్తకం చూశాడు, పిలిపించాడు. 1813 మార్చిలో ప్రయోగశాలలో సహాయకుడిగా చేర్చుకున్నాడు.

ఆ కుర్రాడి పేరు మైకేల్ ఫారడే. తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిపితే కరెంటు పుడుతుందని 1831లో కనిపెట్టినవాడు. నాగార్జునసాగర్ దగ్గర నీళ్లు తిప్పే యంత్రమైనా, విజయవాడ దగ్గర బొగ్గు మండించి తిప్పే యంత్రమైనా, గాలిమరైనా ఆ సూత్రం మీదే కరెంటు తీస్తున్నాయి.

ఫారడే తాను ఎక్కడ నుంచి వచ్చాడో మరిచిపోలేదు. అదే హాలులో శుక్రవారం సాయంత్రాలు పెద్దలకు ఉపన్యాసాలు ఏర్పాటు చేశాడు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు ప్రత్యేకంగా చెప్పేవాడు. 1827 నుంచి 1860 దాకా పందొమ్మిది సార్లు పిల్లల ఉపన్యాసాలు ఆయనే ఇచ్చాడు. మాటల్లో పడి వేగం పెరిగిపోతే తనను ఆపడానికి 'నెమ్మది' అని రాసిన అట్టముక్కను ఎదురుగా పెట్టించుకునేవాడు. మన ఊళ్లలో కొందరు వక్తల ముందు కూడా ఒకటి పెడితే బాగుండును, అది వేరే సంగతి.

1860 డిసెంబరులో ఆయన వయసు 69. ఆ ఏడు తీసుకున్న విషయం కొవ్వొత్తి. ఆరు ఉపన్యాసాలూ దాని మీదే! కొవ్వొత్తిలో అంత ఏముందంటారా? ఇంట్లో పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని మీరే చూడండి.

మొదటి ప్రశ్న: మైనం గట్టిగా ఉంటుంది, మంట పైన ఉంటుంది. మరి మైనం మంట దగ్గరికి ఎలా వెళుతుంది? బకెట్టు నీళ్లలో తువ్వాలు కొస మునిగి, మిగతాది అంచు మీంచి బయటికి వేలాడుతుంటే కాసేపటికి కింద నేలంతా తడి అవుతుంది, చూశారా? నూలు పోగుల సందుల్లోంచి నీరు పైకి పాకుతుంది. కరిగిన మైనం వత్తిలో అలాగే పాకుతుంది. మన ప్రమిదలో నూనె చేసేదీ ఇదే.

ఇప్పుడు కొవ్వొత్తిని ఉఫ్‌మని ఆర్పండి. తెల్లని పొగ తీగలా లేస్తుంది. వెంటనే ఆ పొగకు, వత్తికి కాస్త ఎత్తులో, వెలిగించిన అగ్గిపుల్ల చూపించండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది! అంటే మండేది వత్తీ కాదు, మైనపు ముద్దా కాదు. మైనం ఆవిరి. ఫారడే ఒక గాజు గొట్టాన్ని మంట నడుమ పెట్టి ఆ ఆవిరిని రెండో కొస నుంచి బయటికి తెచ్చి, అక్కడ వెలిగించి చూపాడు.

తరవాత చల్లని లోహపు పాత్రను మంట పైన పట్టి, నీటి చుక్కలు చూపాడు. నిప్పులోంచి నీళ్లు! మైనంలోని ఉదజని గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే నీరవుతుంది. మైనంలోని కార్బన్ ఆక్సిజన్‌తో కలిస్తే బొగ్గుపులుసు వాయువు అవుతుంది. దీన్నే మీరు కార్బన్ డయాక్సైడ్ అంటారు. అది సున్నపు తేటను పాలలా తెల్లగా చేస్తుంది. గొట్టంతో మీరు సున్నపు తేటలోకి ఊదినా అలాగే తెల్లబడుతుంది. తేటను నోట్లోకి మాత్రం పీల్చకండి.

చివరి ఉపన్యాసంలో ఫారడే పిల్లలను అక్కడికే తీసుకువచ్చాడు. మీ ఒంట్లోనూ కొవ్వొత్తి మండుతున్నట్టే, తిన్న అన్నమే మైనం అన్నమాట. ఒక మనిషి రోజుకు 7 ఔన్సుల కార్బన్‌ను, అంటే దాదాపు 200 గ్రాములను, ఇలా వాయువుగా మారుస్తాడని లెక్క చెప్పాడు. మొత్తం లండన్ ఊపిరికి రోజుకు 548 టన్నులు అన్నాడు. ఆ ఉపన్యాసాలను 1861లో విలియం క్రూక్స్ పుస్తకంగా వేశాడు. పుస్తకంలో ఈ 548 టన్నులు వాయువు బరువన్నట్టుగా ఉంది. పెన్సిలు తీయండి. అప్పటి లండన్ జనాభా 28 లక్షలు. మనిషికి 7 ఔన్సులు. 16 ఔన్సులు ఒక పౌను, 2240 పౌన్లు ఒక ఇంగ్లీషు టన్ను. ఎంత వచ్చింది? సుమారు 547. అంటే అది కార్బన్ బరువే! ఆక్సిజన్‌ను కూడా కలుపుకుంటే వాయువు అంతకు మూడున్నర రెట్లు దాటుతుంది. అంత గొప్ప పుస్తకంలోనూ ఇలాంటి జారుపాటు ఉండవచ్చు. పెన్సిలు ఉన్నవాడికి దొరుకుతుంది.

ఇంత వాయువూ ఏమవుతుంది? గాలిలోకి పోతుంది, చెట్లు దాన్ని తీసుకుని బతుకుతాయి అని ఫారడే చెప్పాడు. నిజమే. మీరు వదిలే ఊపిరిలోని కార్బన్ నిన్నటి అన్నంలోది, అది మొన్నటి వరిపైరు గాలి నుంచి తీసుకున్నది. తీసుకున్నది తిరిగి ఇవ్వడమే. అందుచేత భూమి వేడెక్కుతోందని ఎవరూ ఊపిరి బిగపట్టనక్కర్లేదు! బొగ్గు సంగతి వేరు. అది కోట్ల ఏళ్ల కిందటి అడవుల కార్బన్, భూమిలో పాతర వేసి ఉన్నది. దాన్ని తవ్వి మండిస్తే ఇప్పటి చెట్లు తీసుకోని కార్బన్ వచ్చి గాలిలో చేరుతుంది.

చేరితే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు జవాబు కూడా ఆ హాలులోనే, కొవ్వొత్తి ఉపన్యాసాలకు ఏడాదిన్నర ముందే మొదలయింది. 1859 జూన్ 10న ఫారడే సహచరుడు జాన్ టిండాల్ ఒక పొడుగాటి గొట్టం చూపించాడు. గాజు కంటికి కనపడని వేడికిరణాలను అడ్డుకుంటుంది కనుక, గొట్టం కొసలకు ఉప్పురాతి బిళ్లలు బిగించాడు. ఒక పక్క నుంచి వేడి పంపి, రెండో పక్క ఎంత వచ్చిందో సూది కదలికతో కొలిచాడు. పొడి గాలి ఉంటే వేడి దాదాపు అడ్డు లేకుండా పోయింది. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మాత్రం వేడిని పట్టి ఆపాయి. మబ్బు పట్టిన రాత్రి ఉక్కగానూ, ఆకాశం తేటగా ఉన్న రాత్రి చలిగానూ ఎందుకుంటుందో ఆలోచించండి. నేల నుంచి వెళ్లే వేడికి పైన అడ్డు ఉంటే చల్లబడటం ఆలస్యమవుతుంది.

టిండాల్ కంటే ముందే, 1856లో, అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ ఈ వాయువు నింపిన గాజు గొట్టాన్ని ఎండలో పెట్టి, అది మామూలు గాలి కంటే ఎక్కువ వేడెక్కుతుందని చూపింది. ఆ సభలో ఆవిడ వ్యాసాన్ని వేరొకరు చదివారు. తరవాత చాలాకాలం ఆవిడ సంగతి ఎవరికీ పట్టలేదు.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో బొగ్గుపులుసు వాయువు సుమారు 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. వారోత్సవాల్లో ఎవరో ఒకరు ఆ గీత చూపిస్తారు, చూడండి. రంపం పళ్లలా ఎగుడుదిగుడుగా పైకి పోతుంది. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగిర్చినప్పుడు గీత కాస్త దిగుతుంది. ఆకులు రాలే కాలంలో మళ్లీ ఎక్కుతుంది.

ఇంతకీ లండన్ హాలుకూ మన ఫిబ్రవరి వారానికీ సంబంధం ఏమిటి? ఉంది. కలకత్తాలో మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు ఆ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌ను చూసి, మనకూ అలాంటిది కావాలని చందాలు పోగుచేసి 1876లో ఒక సంస్థ పెట్టాడు. భారతీయ విజ్ఞాన వర్ధక సంఘం అనవచ్చు. అక్కడా బహిరంగ ఉపన్యాసాలే ముఖ్యం. పరిశోధన చేసేవారు మాత్రం ఆయన ఆశించినంతగా రాలేదు. 1904లో ఆయన పోయేనాటికి ప్రయోగశాల దాదాపు ఖాళీ. మూడేళ్లకు, ప్రభుత్వ లెక్కల శాఖలో ఉద్యోగానికి వచ్చిన పద్ధెనిమిదేళ్ల యువకుడు దారిలో ఆ సంస్థ బోర్డు చూసి లోపలికి వెళ్లాడు. అతనే సి.వి. రామన్. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్నవాడు. ఆఫీసు పని కాగానే అక్కడ ప్రయోగాలు చేసేవాడు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం దొరికింది ఆ ప్రయోగశాలలోనే. ఆ రోజునే 1987 నుంచి జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

కాబట్టి వెళ్లేటప్పుడు ఒక నోటు పుస్తకం పట్టుకెళ్లండి. శాలువాలూ దండలూ అయ్యేదాకా ఓపిక పట్టండి. అంకె చెబితే రాసుకోండి. చివర్లో ప్రశ్నలున్నాయా అని అడిగినప్పుడు హాలంతా బిక్కమొహం వేస్తుంది. మీరు లేచి, "అది మీకు ఎలా తెలిసిందండీ?" అని అడగండి. నిజంగా కొలిచినవాడైతే ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

అన్నట్టు, ఫారడే కుట్టి డేవీకి పంపిన ఆ నోట్సు పుస్తకం ఇప్పటికీ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే ఉంది.