ఎముక అతికింది, మరి మోకాలు?

స్కూటరు మీంచి పడో, స్నానాలగదిలో జారో మోకాలి దగ్గర ఎముక విరిగినవారు, కట్టు విప్పగానే అడిగే ప్రశ్న ఒక్కటే: "అతికిందా, డాక్టరుగారూ?" అతికిందనగానే నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోతారు. రెండు మూడు నెలలకు మళ్ళీ వస్తారు, కాలు కర్రలా బిగుసుకుపోయి, మెట్లు దిగలేక, పీట మీద కూర్చోలేక. ఎముక అతికినమాట నిజమే. కాని మోకాలంటే ఎముక ఒక్కటే కాదు గదా!

మోకాటిలో కలిసే ఎముకల కొసలకు నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. ముందువైపున్న చిప్ప, తొడ కండరం కాలును చాచేటప్పుడు దానికి ఊతమిస్తుంది. అది అడ్డంగా విరిగి ముక్కలు విడిపోతే కాలు చాచి పైకెత్తలేరు. అప్పుడు ఆపరేషను చేసి తీగతో బిగించవలసి వస్తుంది. చిప్ప అయినా, కాలి ఎముక పైకొస అయినా, విరుగుడు కీలు లోపలికి పోయిందంటే చిక్కే. ఎముక ఎముకగానే అతుకుతుంది. మృదులాస్థి మాత్రం మునుపటిలా పెరగదు. ముక్కలు ఎగుడుదిగుడుగా అతికితే కీలు ఒరుసుకుని, కొన్నేళ్ళకు అరిగి నొప్పి మొదలుకావచ్చు. అందుకే ఇటువంటివాటికి నాటుకట్టుతో సరిపెట్టడం నేను ఒప్పుకోను.

ఇక మీ చేతిలో ఉన్న పని. కదలిక లేని తొడ కండరం రెండు వారాల్లోనే సన్నబడుతుంది. మీ డాక్టరునడిగి, కట్టులో ఉండగానే వ్యాయామం మొదలుపెట్టండి. కాలు చాచి, మోకాటిని పరుపుకేసి నొక్కుతున్నట్టు తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి వదలండి. పూటకు పదిసార్లు. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెడతారు. హాయిగానే ఉంటుంది, కాని కాలు పూర్తిగా చాచడం రాకుండా పోతుంది. వాపు తగ్గడానికి ఎత్తు కావాలంటే దిండు మడమ కింద పెట్టించుకోండి.

మెట్లెక్కడానికి మోకాలు 90 డిగ్రీలదాకా వంగితే చాలు. గొంతుక్కూర్చోవడానికి 120 కూడా చాలదు. కుర్చీల దేశాలవారికి సరిపోయే వంపు మనకు సరిపోదన్నమాట. వంచడానికి అనుమతి వచ్చిన రోజునుంచి మంచం అంచున కూర్చుని కాలు వేలాడదీసి, మెల్లగా మీరే వంచండి. మరొకరిచేత బలవంతంగా వంచించుకోకండి. అన్ని ప్రయత్నాలు చేసినా కొందరికి పూర్తి వంపు రాదు. అటువంటివారు కుర్చీలాంటి మరుగుదొడ్డి ఏర్పాటు చేసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

కాలి ఎముక పైకొస విరిగినవారిని సాధారణంగా 6 నుంచి 12 వారాలు కాలిమీద బరువు మోపవద్దంటారు. నొప్పి తగ్గిందని తొందరపడకండి. తర్వాత చేతికర్ర పట్టినప్పుడు మంచి కాలివైపు చేతిలో పట్టండి. నూటికి తొంభైమంది రెండోవైపు పడతారనిపిస్తుంది నాకు!

పథ్యం పేరిట పప్పు, గుడ్డు, పెరుగు మానిపిస్తారు కొందరు. మాంసకృత్తులు లేనిదే కండరం తిరిగి పుంజుకోదు, మానకండి. చుట్ట, సిగరెట్టు మాత్రం మానండి, ఎముక అతకడం ఆలస్యమవుతుంది. కిలో బరువు తగ్గితే అడుగు అడుగుకూ మోకాటిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చిన్నపాటు జారుడుకే ఎముక విరిగిన యాభై దాటిన స్త్రీలు ఎముకల పటుత్వం పరీక్ష కూడా చేయించుకోవాలి.

కట్టులో ఉండగాగాని, ఆపరేషనయ్యాకగాని పిక్క వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి. దానితో ఆయాసం, గుండెలో నొప్పి వచ్చాయా, అర్ధరాత్రయినా సరే తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళండి.