వెయ్యి ట్యాంకర్లలో ఒక్క గ్రాము

నీళ్లు తేటగానే ఉంటాయి. మీటరూ మంచి అంకే చూపిస్తుంది. పురుగుమందు మాత్రం పేరు పెట్టి వెతికితేనే దొరుకుతుంది.

ఎండాకాలం పొద్దున హైదరాబాద్ శివారు నార్సింగిలో ఏ అపార్ట్‌మెంటు సంపు దగ్గరైనా ట్యాంకరు ఆగి ఉంటుంది. వాచ్‌మన్ గ్లాసులో నీళ్లు పట్టి టీడీఎస్ పెన్ను ముంచుతాడు. అంకె తక్కువగా వస్తే అందరికీ నిశ్చింత. ఆ పెన్ను కరెంటు ఎంత పారుతుందో చూసి నీళ్లలో కరిగిన లవణాలను అంచనా కడుతుంది, అంతే. పురుగుమందు సంగతి దానికి తెలియదు.

ప్యాకేజ్డ్ తాగునీటిలో ఒక్కో పురుగుమందుకు మన దేశం పెట్టిన గీత లీటరుకు 0.1 మైక్రోగ్రాము. పదివేల లీటర్ల ట్యాంకర్లు వెయ్యి వరసగా నిలబెట్టి, అన్నిట్లో కలిపి ఒక్క గ్రాము మందు వేస్తే ఆ గీతను తాకుతాం.

వేలిముద్రల వేట

ఇంత సూక్ష్మాన్ని పట్టుకోవడం సీసాతోనే మొదలవుతుంది. వెలుతురుకు మందు విరిగిపోకుండా ముదురురంగు గాజు సీసా, చుట్టూ ఐసు. ల్యాబ్‌లో లీటరు నీటిని చిన్న గొట్టంలోని పొడి గుండా పంపుతారు. నీళ్లు కిందికి పోతాయి, మందు పొడికి అంటుకుంటుంది. దాన్ని కాస్త ద్రావణితో కడిగితే లీటరులోని మందంతా ఒక మిల్లీలీటరులోకి చేరుతుంది. తర్వాత క్రొమటోగ్రాఫ్ ఒక్కో రసాయనాన్ని విడదీస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ వాటి అణువులను ముక్కలు చేసి తూస్తుంది. ఆ ముక్కల బరువులే మందు వేలిముద్ర.

అయితే యంత్రం సాధారణంగా తనకిచ్చిన జాబితాలోని పేర్లనే వెతుకుతుంది. కలుపుమందు గ్లైఫోసేట్ నీళ్లలో బాగా కరిగిపోతుంది కాబట్టి మామూలు పరీక్షకు చిక్కదు. దానికి వేరే పద్ధతి కావాలి.

ఏలూరు చెప్పిన పాఠం

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. 500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ చూసింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ట్రయజోఫాస్ అనే పురుగుమందును పట్టుకుంది. నరాల మీద దెబ్బకొట్టే మందు అది. దాన్ని నిషేధిస్తూ కేంద్రం 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది; గడువు మాత్రం 2020 డిసెంబరు 31. తాగునీటికి భారతీయ ప్రమాణం 2012లో ఇచ్చిన పురుగుమందుల పట్టికలో ట్రయజోఫాస్ పేరే లేదు.

పునాదుల్లో మందు

గండిపేట జలాశయం గేట్లెత్తితే నార్సింగి సర్వీసు రోడ్డు ఒక్కోసారి మునుగుతుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల పరీవాహకాన్ని కాపాడాలని 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు సడలాయి. పొలాలు పోయాయి కదా, మందుల బెడదా పోయిందనుకుంటాం. కానీ కట్టే భవనాల పునాదుల్లో చెదల మందు పోస్తారు. అలాంటి మందుల్లో క్లోర్‌పైరిఫాస్ మట్టిని పట్టుకుని ఒండ్రుతో కదులుతుంది. ఇమిడాక్లోప్రిడ్ నీళ్లలో కరిగి లోపలికి ఇంకుతుంది. ఇవి చెరువుకు చేరితే ముందు చచ్చేవి కంటికి ఆనని నీటిపురుగులు. వాటిని తిని బతికే చేపపిల్లలకు మేత కరువవుతుంది. మేసే పురుగులు లేక చెరువులో నాచు పేరుకుంటుంది.

అపార్ట్‌మెంటు సంఘాలు ల్యాబ్ రిపోర్టు అడిగినప్పుడు అంకెల కంటే ముందు జాబితా చూడాలి: ఏయే మందులకు పరీక్షించారు? చెదల మందులు అందులో ఉన్నాయా? నమూనా ఏ రోజు తీస్తారన్నదీ ముఖ్యమే. నేలమీద పేరుకున్న మందును తొలివానలే కడిగి తెస్తాయి. తొలకరి పడ్డాక బోరు కింద సీసా పట్టండి.