కారపు రామెన్

కారపు రామెన్ జపాను దేశపు నూడుల్స్ వంటకాలలో ఒక రకం. గోధుమపిండితో చేసిన పోగులను వేడి చారులో వేసి, పైన మిరపనూనె, కూరగాయలు, మాంసం చేర్చి పెద్ద గిన్నెలో వడ్డిస్తారు. దీనిని ఖరీదైన హోటళ్ళలో కంటె రామెన్‌యా అని పిలిచే చిన్న దుకాణాలలోనే ఎక్కువగా తింటారు. కారానికి అలవాటుపడిన తెలుగువారు కూడా దీనిని తొలిసారి తినేటప్పుడు ఉక్కిరిబిక్కిరి కావచ్చు. అందుకు కారణం మిరపకాయలో కన్నా, ఆ కారం నోటికి చేరే తీరులో ఉంది.

పుట్టుపూర్వోత్తరాలు

రామెన్‌కు మూలం చైనా గోధుమ నూడుల్స్. 1910లో టోక్యో నగరంలోని అసకుసాలో ప్రారంభమైన రైరైకెన్, ఈ వంటకాన్ని జనంలోకి తెచ్చిన తొలినాటి దుకాణాలలో ఒకటి. మిరపకాయ అమెరికా ఖండాల నుండి మనకు చేరిన పోర్చుగీసు వర్తకుల కాలంలోనే జపానుకూ చేరింది. అయితే అక్కడ అది వంటకు ఆధారం కాలేదు. షిచిమి తొగరాషి అనే ఏడు దినుసుల పొడిలో ఒకటిగా, పైన చిటికెడు చల్లుకొనే స్థాయిలో ఉండిపోయింది.

ఘాటైన రామెన్ చైనాలోని సిచువాన్ ప్రాంతం నుండి వచ్చింది. అక్కడి దాన్‌దాన్ నూడుల్స్ పేరులోని 'దాన్' అనే మాట కావడిబద్దకు సంబంధించినది. వీధులలో కావడి మోస్తూ అమ్మేవారు గనుక ఆ పేరు వచ్చింది. ఇందులో చారు దాదాపు ఉండదు. 1952లో జపాను వచ్చిన సిచువాన్ వంటగాడు చెన్ కెన్‌మిన్ స్థానికుల రుచికి తగినట్లు దీనికి చారు, నువ్వుల ముద్ద చేర్చి కారం తగ్గించాడు. ఇదే తన్‌తన్‌మెన్. 1958లో ఆయన టోక్యోలో షిసెన్ హాన్‌తెన్ అనే భోజనశాలను స్థాపించాడు. మోమొఫుకు ఆందో తొలి ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను అమ్మకానికి తెచ్చినది కూడా అదే సంవత్సరం కావడం విశేషం.

నగోయా నగరంలో 'తైవాన్ రామెన్' ప్రసిద్ధి. దీనిని 1970లలో మిసెన్ అనే దుకాణంలో రూపొందించారు. పేరులో తైవాన్ ఉన్నా ఇది నగోయాలో పుట్టిన వంటకమే.

తయారీ

పోగుల పిండిలో ఉప్పు, నీటితో పాటు కాన్‌సుయి అనే క్షారజలం కలుపుతారు. అప్పడాల పిండిలో క్షారం వేయడం వంటిదే ఇది. దీనివల్ల పోగులకు పసుపు ఛాయ, సాగే గుణం వచ్చి చారులో త్వరగా మెత్తబడకుండా ఉంటాయి. చారును పంది లేదా కోడి ఎముకలు, ఎండు చేపలు, సముద్రపు నాచు మొదలైనవాటితో గంటల తరబడి కాచి, సోయా లేదా మిసో కలిపిన సారంతో రుచి కూరుస్తారు. చివరగా రాయు పోస్తారు. రాయు అంటే మిరపకాయలను కాచి తీసిన నువ్వులనూనె.

ఈ ఎర్రని నూనె చారు మీద తెట్టుగా తేలుతుంది. నిర్మల్ జిల్లా (2016 వరకు ఆదిలాబాదు జిల్లా) లోని భైంసా పాఠకులకు దీనిని పోల్చి చెప్పడం సులభం. ఆ పట్టణానికి సమీపంలోని మహారాష్ట్రలో మిసళ్ మీద తేలే 'తర్రీ' ఇటువంటిదే. సకినాలలో నువ్వుల రుచి ఎరిగినవారికి తన్‌తన్‌మెన్ మరీ పరాయిగా తోచదు. భైంసా వంటి పట్టణాలలో బండ్ల మీద అమ్మే నూడుల్స్ మాత్రం వేరు. అవి చారు లేకుండా, సోయా సాస్, వెనిగర్, మిర్చి సాస్‌లతో పెద్ద మంట మీద వేయించేవి. భారతీయ చైనా వంటల కోవకు చెందినవి.

కారం పనిచేసే తీరు

మిరపకాయలోని కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. నాలుక మీది నరాలలో దీనిని గుర్తించే గ్రాహకాన్ని (టి.ఆర్.పి.వి.1) డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుగొన్నది. ఈ కృషికి ఆయన 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి కూడా ఇదే గ్రాహకం స్పందిస్తుంది. పొగలు కక్కే చారులో వేడి, కారం రెండూ ఒకే తలుపు తట్టుతాయన్నమాట.

మన భోజనంలో కారం అన్నంతోనో జొన్నరొట్టెతోనో కలిసి పలుచబడుతుంది. చివర పెరుగన్నం ఉండనే ఉన్నది. రామెన్‌లో పోగుకు అంటిన నూనె నోరంతా పూతలాగ పట్టుకుంటుంది. మంచినీళ్ళు త్రాగితే ఆ పూత పోదు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు కాప్సైసిన్‌ను పట్టి తొలగించగలదు. ఉడికిన గ్రుడ్డు, తెల్లన్నం కూడా కొంత ఉపశమనమిస్తాయి.

తినే విధానం

చాలా దుకాణాలలో ద్వారం వద్ద ఉన్న యంత్రంలో డబ్బు వేసి చీటీ తీసుకోవాలి. కొన్నింటిలో కారపు స్థాయిని అంకెలలో ఎంచుకోవచ్చు. మొదటిసారి తక్కువ అంకెను కోరుకోవడమే మేలు. ఊరిలో ఎంత కారం తిన్నామన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

పోగులు నానిపోకముందే పుల్లలతో తినాలి. జుర్రుమని చప్పుడు చేయడం అక్కడ అమర్యాద కాదు. అయితే కారపు రామెన్‌ను గట్టిగా జుర్రితే మిరపనూనె తుంపరలు గొంతులో పడి దగ్గు వస్తుంది. కొద్దికొద్దిగా ఎత్తి, ఊది తినడం మంచిది. చారు మొత్తం త్రాగనవసరం లేదు. ఒక గిన్నెలో 5 గ్రాములకు మించి ఉప్పు ఉండటం సాధారణం. పెద్దలకు రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 5 గ్రాములలోపే. రక్తపోటు ఉన్నవారు చారును గిన్నెలో వదిలివేయడం ఉత్తమం.

జాగ్రత్తలు

మాంసం ముక్కలు తీసివేసినంత మాత్రాన రామెన్ శాకాహారం కాదు, ఎముకల సారం చారులోనే ఉంటుంది. పంది మాంసం తిననివారికీ ఇదే చిక్కు. టోక్యో వంటి నగరాలలో హలాల్ రామెన్, కేవలం కూరగాయలతో చేసే రామెన్ దుకాణాలు ఉన్నాయి. నువ్వులు సరిపడనివారు తన్‌తన్‌మెన్ జోలికి పోరాదు.

పందెం వేసి అతికారం తినడం ప్రమాదకరం, ముఖ్యంగా పిల్లలకు. 2024 జూన్‌లో డెన్మార్క్ ఆహార అధికారులు కొరియాకు చెందిన మూడు రకాల కారపు ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను, కాప్సైసిన్ మోతాదు మితిమీరిందని దుకాణాల నుండి వెనక్కు తీయించారు. మరుసటి నెలలో తిరిగి లెక్కగట్టి, వాటిలో రెండింటిని మళ్ళీ అనుమతించారు.