రెండున్నర అంగుళాల మంచు

వినండర్రా పిల్లలూ. కొండాపూర్‌లో ఏ అపార్టుమెంటు చూసినా, అమ్మానాన్నలిద్దరూ ఇక్కడా, పిల్లలు డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న ఇల్లు అంతస్తుకొకటైనా తగులుతుంది. అందుకే జనవరి వచ్చిందంటే మా పార్కు బెంచీల మీద ఇక్కడి చలి కన్నా అక్కడి చలి గురించే కబుర్లెక్కువ. ఇక్కడి చలి ఎంతని? హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. రోడ్డు మీద నీళ్లు గడ్డకట్టాలంటే ఇంకో ఆరు డిగ్రీలు దిగాలి. ఎప్పుడో వడగళ్లు పడితే తప్ప మన రోడ్లు తెల్లబడవు. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో అలాగే పడ్డాయి. నేలంతా తెల్లగా పరుచుకుంటే జనం కశ్మీరు వచ్చిందంటూ ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. అంతే. అంటే ఐస్ మీద బండి నడపడమెలాగో నేర్చుకునే భాగ్యం మనవాళ్లకి ఈ ఊళ్లో లేదు. డ్రైవింగ్ అంతా వచ్చేసిందన్న ధీమాతో విమానం ఎక్కేస్తారు.

మనవాళ్లనేమిటి, అక్కడే పుట్టి పెరిగినవాళ్ల సంగతీ అంతే. అట్లాంటా కథ వినండి. 2014 జనవరి 28, మంగళవారం. ఆ ఊళ్లో పడిన మంచు రెండున్నర అంగుళాలు, ఇంచుమించు. మిన్నెసోటాలో అంత పడితే చీపురుతో కారు దులుపుకుని ఆఫీసుకు పోతారు. అట్లాంటాలో మధ్యాహ్నం మంచు మొదలవగానే బడులు, ప్రైవేటు ఆఫీసులు, ప్రభుత్వ కార్యాలయాలు దాదాపు ఒకే సమయానికి వదిలేశారు. లక్షల మంది ఒక్కసారిగా రోడ్డెక్కారు. అరగంటలో ఇంటికి చేరాల్సినవాళ్లకి పది గంటలు పట్టింది, పన్నెండు పట్టింది, కొందరికి తెల్లవారింది. వేల మంది పిల్లలు రాత్రంతా బడుల్లోనే ఉండిపోయారు. కొందరు స్కూలు బస్సుల్లోనే ఇరుక్కుపోయారు. కార్లు వదిలేసి నడిచినవాళ్లు నడిచారు. హోమ్ డిపో దుకాణాలు తలుపులు తీసి జనాన్ని పడుకోనిచ్చాయి. ఊరి చుట్టూ తిరిగే 285 రహదారి మీద, ఆగిపోయిన కారులో, ఒకావిడ ప్రసవించింది కూడా! తల్లీ బిడ్డా క్షేమం. రాష్ట్రమంతటా వేయికి పైగా ప్రమాదాలు.

దీన్ని చూసి అమెరికా ఉత్తరాది వాళ్లు తెగ నవ్వుకున్నారు. నవ్వడం తేలిక. నన్నడిగితే అట్లాంటా చిక్కుల్లో పడింది మంచు ఎక్కువై కాదు, తక్కువై. రెండడుగులు పడుంటే ఎవడూ గడప దాటేవాడు కాదు. రెండున్నర అంగుళాలే కనక, వెళ్లిపోదాం లెమ్మని అందరూ బయల్దేరారు. పల్చటి మంచు మీద వేల టైర్లు నడిస్తే ఏమవుతుంది? నలిగి, టైర్ల వేడికి, ఇంజిన్ల వేడికి కాస్త కరిగి, పైనున్న చలికి మళ్లీ బిగుసుకుంటుంది. మధ్యాహ్నం మంచు, సాయంత్రానికి ఐస్. ఆ ఐస్ మీద ఉప్పు చల్లాల్సిన లారీలున్నాయి చూశారూ, అవీ ఆ కార్ల మధ్యనే ఇరుక్కుని కూర్చున్నాయి. ఐస్‌ని తయారుచేసింది ట్రాఫిక్కే, దాన్ని తీసేవాళ్లని ఆపిందీ ట్రాఫిక్కే.

ఇంతకీ ఐస్ ఎందుకు జారుతుంది? ఇదేం ప్రశ్న తాతయ్యా అనకండి, మహామహులు బుర్రలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న. నేను చదువుకునే రోజుల్లో చెప్పిన జవాబు ఇది: బరువు పడితే ఆ ఒత్తిడికి ఐస్ కరుగుతుంది, ఆ నీటి మీద మనం జారతాం. వినడానికి బాగుంది. లెక్క వేస్తే నిలవదు. కారు టైరులో గాలి ఒత్తిడి వాతావరణ పీడనానికి రెండు రెట్ల పైచిలుకు. రోడ్డు మీద టైరు మోపే ఒత్తిడి కూడా సుమారుగా అంతే. ఆ ఒత్తిడికి ఐస్ కరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో యాభయ్యో వంతు కూడా తగ్గదు. బయట సున్నాకి ఐదు డిగ్రీలు దిగువన ఉంటే ఇదెక్కడ సరిపోతుంది?

అసలు సంగతిని మైకేల్ ఫారడే 1850లోనే పసిగట్టాడు. విద్యుత్తు, అయస్కాంతం అంటే గుర్తొచ్చే ఆ ఫారడేనే. రెండు ఐస్ ముక్కల్ని ఆనించి పెడితే అవి అతుక్కుపోతాయి. దాన్ని చూసి, ఐస్ పైపొర ఎప్పుడూ కాస్త నీరులా ఉంటుందేమోనన్నాడు. అదే నిజమైంది. ఐస్ లోపలున్న నీటి అణువుకి నాలుగు పక్కలా పొరుగువాళ్లుంటారు, గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. పైపొర అణువుకి నెత్తిన ఎవరూ లేరు. సగం పట్టు వదిలేసి ఇటూ అటూ కదులుతుంటుంది. దానికి తోడు, బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1939లో చూపించినట్టు, రాపిడి పుట్టించే వేడి కూడా పైపొరని కరిగిస్తుంది. ఈ రెండూ కలిసి టైరు కింద ఒక కదిలే పొర వేస్తాయి.

ఇక్కడే ఒక తమాషా. బాగా చలిగా, సున్నాకి ఇరవై, ముప్పై డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు ఆ పైపొర అణువులు కూడా బిగుసుకుంటాయి, ఐస్ మీద పట్టు కాస్త మెరుగవుతుంది. సున్నాకి చేరువలో, పైన తడి తేలుతున్న ఐస్ ఉంది చూశారూ, అదీ ప్రాణాంతకం. ఎముకలు కొరికే చలి ప్రదేశాల్లో కన్నా డాలస్, అట్లాంటా లాంటి ఊళ్లలో, ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఊగే చోట, ఐస్ ఇంకా ద్రోహం చేస్తుంది. మనవాళ్లు చాలామంది ఉండేదీ అలాంటి చోట్లే.

ఎంత జారుతుందో లెక్క చెబుతాను, పెద్ద కష్టం కాదు. కారు ఎంత పెద్దదైనా రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత మేర. ఆపేది ఆ మేరలో పుట్టే ఘర్షణే. పొడి తారు రోడ్డు మీద ఘర్షణ గుణకం సుమారు 0.7. ఐస్ మీద 0.1, తడి ఐస్ అయితే అందులో సగం. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ బ్రేకు వేస్తే పొడి రోడ్డు మీద 20 మీటర్లలో ఆగే కారు, ఐస్ మీద 140 మీటర్లు పోతుంది. బ్రేకు తొక్కాలని తోచేలోపు పోయిన దూరం దీనికి అదనం. మనకేమో ముందు బండికీ మనకీ మధ్య ఆటో దూరేంత సందు కనిపిస్తే ప్రాణం ఒప్పదు. కొత్తగూడ జంక్షన్‌లో అబ్బిన ఆ విద్యని డాలస్‌లో ప్రదర్శించకూడదు. ఇంకో మాట: ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న పెద్ద బండి కొన్నాం కదా అని ధీమా పడేవాళ్లున్నారు. నాలుగు చక్రాలకీ శక్తి అందితే బండి కదలడానికి బాగుంటుంది, ఆగడానికి కాదు. బ్రేకులు నాలుగు చక్రాలకీ అన్ని కార్లకీ ఉన్నవే.

ఇప్పుడు ఫ్లైఓవర్ల సంగతి. అమెరికాలో వంతెన మొదలయ్యే చోట, వంతెన రోడ్డు కన్నా ముందే గడ్డకడుతుందని బోర్డు ఉంటుంది. అదెందుకో మన పల్లెటూరి నులక మంచం మీద సంక్రాంతి చలిలో పడుకున్నవాణ్ణి అడిగితే చెబుతాడు: పైన ఎన్ని దుప్పట్లు కప్పినా కింద నుంచి గాలి కొట్టి నడుం కొయ్యబారుతుంది, అదే నేల మీద చాప పరుచుకుంటే కాస్త నయం. నేల పగలంతా దాచుకున్న వేడిని రాత్రంతా పైకి ఇస్తుంటుంది. వంతెనకి కింద నేల లేదు, గాలే. పైనా కిందా చలి పట్టి ముందుగా అదే సున్నాకి దిగుతుంది. కింద రోడ్డు మీద ఉత్త తడి, పైన వంతెన మీద ఐస్. ఆ ఐస్ కూడా పారదర్శకంగా, కింది తారు నల్లగా కనిపిస్తూ ఉంటుంది. దాన్నే బ్లాక్ ఐస్ అంటారు. డ్రైవర్‌కి తడి రోడ్డులాగే కనిపిస్తుంది, వేగం తగ్గించడు.

2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున, డాలస్ పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో, 35 వెస్ట్ రహదారి టోల్ లేన్లలో జరిగింది ఇదే. సన్నటి తుంపర పడి, పడ్డది పడ్డట్టు గడ్డకట్టింది. ఎత్తుగా కట్టిన ఆ భాగం మీదికి వేగంగా వచ్చిన బండ్లు ఒకదాని వెనక ఒకటి జారి గుద్దుకున్నాయి. 133 వాహనాలు, వాటిలో పెద్ద లారీలు కూడా. ఆరుగురు పోయారు. రెండు వైపులా గోడలు, తప్పుకునే దారి లేదు. రెండు రోజుల ముందు ఆ రోడ్డు మీద ఉప్పునీళ్లు చల్లారు, అయినా అంత దారుణం జరిగింది.

ఉప్పు అంటే గుర్తొచ్చింది. కుల్ఫీ బండివాడు కుండలో ఐస్ ముక్కల మధ్య ఉప్పు వేస్తాడు, చూశారుగా. ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. సరైన పాళ్లలో కలిస్తే సున్నాకి 21 డిగ్రీల దిగువ దాకా నీరుగానే ఉంటుంది. రోడ్డు మీద మాత్రం అంత దూరం పనిచేయదు, సున్నాకి తొమ్మిది పది డిగ్రీలు దిగువకు పోతే నెమ్మదిస్తుంది. పైగా మీద తుంపర పడేకొద్దీ ఉప్పు పల్చబడుతుంది. ఉప్పు చల్లారు కదా అని నమ్ముకోవడానికి లేదు.

జనవరిలో చదువుకి వెళ్లే పిల్లలు దిగీ దిగగానే పాత కేమ్రీయో కరోలానో కొనుక్కుంటారు. ఇంజిన్ వింటారు, ఏసీ చూస్తారు, టైర్లు చూడరు. వేసవికి చేసిన టైరు రబ్బరు ఏడు డిగ్రీల కన్నా చలి పెరిగితే గట్టిపడి పట్టు కోల్పోతుంది. గాడులు అరిగినదైతే చెప్పేదే లేదు. ఇక బండి జారిందంటే, మన కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. అలా కాకుండా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, ఎటు వెళ్లాలో అటు చూస్తూ స్టీరింగ్ మెల్లగా తిప్పాలి. బ్రేకు తొక్కక తప్పకపోతే, ఏబీఎస్ ఉన్న బండిలో పెడల్ గడగడలాడుతుంది. చెడిపోయిందని భయపడి కాలు తీసేస్తారు కొందరు. తీయకూడదు, అది తన పని తాను చేస్తోంది. మంచు పడిన మొదటి రోజు ఖాళీ పార్కింగ్ స్థలంలో, సీనియర్ ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, మనిషి పరుగంత వేగంతో ఒకసారి బ్రేకు తొక్కి ఆ గడగడ ఏమిటో తెలుసుకోవడం నయం.

ఇదంతా వాళ్ల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? డేనియల్ ఐసెన్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకుడు పాతికేళ్ల ప్రమాదాల లెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. మంచు పడిన రోజుల్లో మామూలు రోజుల కన్నా ప్రమాదాలు ఎక్కువే, ప్రాణాలు తీసే ప్రమాదాలు మాత్రం తక్కువ అని తేలింది. జనం నెమ్మదిస్తారు కదా. కానీ ఆ ఏడాది మంచు పడిన మొట్టమొదటి రోజు అలా కాదు. మిగతా మంచు రోజులతో పోలిస్తే ఆ ఒక్క రోజు ప్రాణాంతక ప్రమాదాలు 14 శాతం ఎక్కువ. చలికాలం గడిచేకొద్దీ జనం మళ్లీ అలవాటు పడతారు. అదే మనిషి వాన గురించి కూడా చూశాడు. వాన పడి ఎన్ని రోజులైతే, ఆ తర్వాత పడే వానకి ప్రమాదం అంత ఎక్కువ.

ఇప్పుడు కొండాపూర్‌కి రండి. నవంబరు నుంచి మే దాకా మనకి వానలు తక్కువ. ఈ నెలలన్నీ రోడ్డు మీద ఇంజిన్ నూనె చుక్కలు, టైర్ల నుంచి రాలిన రబ్బరు పొడి, కట్టే టవర్ల దగ్గర నుంచి ఎగిరొచ్చే సిమెంటు ధూళి పేరుకుంటూనే ఉంటాయి. జూన్‌లో ఒక సాయంత్రం నాలుగు చినుకులు పడతాయి. కుండపోతగా పడితే మురికి కొట్టుకుపోతుంది, భయం తక్కువ. నాలుగు చినుకులు పడితే నూనె, ధూళి, నీరు కలిసి జిగట పొర అవుతుంది. ఇది ఐస్ కాదు, అంత జారదు కూడా. కానీ ద్విచక్ర వాహనానికి అంత జారక్కర్లేదు. కొత్తగూడ ఫ్లైఓవర్ దిగే దగ్గర ముందు చక్రం ఒక్క జానెడు పక్కకి పోయినా చాలు. మొదటి పావుగంట అరగంట గడిచేదాకా ఏ టీ కొట్టు దగ్గరో ఆగితే నష్టమేం లేదు.

అందరూ ఒకేసారి రోడ్డెక్కడం సంగతి మాత్రం ఇక్కడివాళ్లు అట్లాంటా కన్నా ముందుచూపుతో చూశారు, ఒప్పుకోవాలి. 2023 జూలైలో వానలు ముంచెత్తినప్పుడు సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఐటీ కంపెనీలకు మూడు విడతల్లో లాగౌట్ చేయమని చెప్పారు. ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్న ఆఫీసులు మూడింటికి, రాయదుర్గం, బయోడైవర్సిటీ వైపు నాలుగున్నరకి, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు మూడింటి నుంచి ఆరింటి మధ్య. ఇది భౌతికశాస్త్రం కాదు, ఉత్త కూడికలూ తీసివేతలే. ఒక రోడ్డు గంటకి ఇన్ని బండ్లనే పంపగలదు, మిగిలినవి నిలబడతాయి. 2014లో అట్లాంటాలో ఇలా ఎవరైనా వంతులు వేసి ఉంటే, ఉప్పు లారీలకి దారి దొరికేది.

ఇంకొక్కటి, బైకు నడిపేవాళ్లకి. తడి రోడ్డు మీద జీబ్రా క్రాసింగ్ తెల్ల పట్టీలు, మ్యాన్‌హోల్ మూతలు, తవ్విన చోట కప్పిన ఇనప రేకులు తారు కన్నా బాగా నునుపు. వాటి మీద బ్రేకు వేయకూడదు, బండి వంచకూడదు. నిటారుగా, ఒకే వేగంతో దాటేయాలి. బ్రేకు వేసేదేదో వాటికి ముందే వేసుకోవాలి.