చేయి కాలిందా? పేస్ట్, పసుపు పక్కన పెట్టండి.. ఆ 20 నిమిషాలే కీలకం!

పొద్దున్నే స్కూలు బాక్సులు, ఆఫీస్ టైమ్.. ఆ హడావుడిలో పోపు చిటపటలాడి చేతి మీద నూనె పడుతుంది. కుక్కర్ మూత తీస్తుంటే ఆవిరి తగులుతుంది. పట్టకారు జారి గిన్నె అంచు వేళ్లకు అంటుకుంటుంది. వంట చేసే ఏ ఇంట్లో అయినా ఇది మామూలే. అప్పుడు చాలామంది చేసే పని కూడా ఒకటే. 'అబ్బా' అని చెయ్యి విదిలించి, రెండు సెకన్లు కుళాయి కింద పెట్టి, కాస్త టూత్‌పేస్ట్ రాసుకుని మళ్లీ స్టవ్ దగ్గరకు వెళ్లిపోవడం. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే.

చెయ్యి తీసేసినా.. కాలుతూనే ఉంటుంది

వేడి గిన్నె మీద నుంచి చెయ్యి తీయగానే కాలడం ఆగిపోదు. చర్మంలోకి దిగిన వేడి కాసేపు లోపలి పొరలకు పాకుతూనే ఉంటుంది. మరిగే నీళ్ల వేడి 100 డిగ్రీల సెల్సియస్ అయితే, పూరీలు, బజ్జీలు వేయించే నూనె 170 నుంచి 180 డిగ్రీల దాకా ఉంటుంది. పైగా నూనె చర్మానికి అతుక్కుంటుంది. అందుకే చిన్న చుక్క పడినా బొబ్బ లేస్తుంది. ముందు ఆ వేడిని తగ్గించాలి. దానికి నీళ్లను మించిన మందు లేదు.

వెంటనే ఏం చేయాలి?

* ముందు స్టవ్ ఆపేయండి. కూర మాడితే మళ్లీ వండుకోవచ్చు.
* చేతిని కుళాయి కింద పెట్టి, సన్నటి ధారగా 20 నిమిషాలు నీళ్లు పడనివ్వండి. ఐదు నిమిషాలకే మంట తగ్గినట్టు అనిపిస్తుంది. అయినా ఆపొద్దు.
* ఉంగరాలు, గాజులు, వాచీ వెంటనే తీసేయండి. కాసేపటికి చెయ్యి వాచిపోతుంది. అప్పుడు ఉంగరం రాదు, వేలికి రక్తం సరిగా అందదు.
* చర్మానికి అతుక్కున్న బట్ట ఉంటే లాగొద్దు.
* తర్వాత శుభ్రమైన, అంటుకోని గాజు గుడ్డ వదులుగా కప్పండి. దూది పెట్టొద్దు, పోగులు పుండుకు అతుక్కుంటాయి.
* నొప్పి ఎక్కువగా ఉంటే పారాసిటమాల్ వేసుకోవచ్చు.

ఎండాకాలం మధ్యాహ్నం అయితే ఒక జాగ్రత్త. ట్యాంకు నీళ్లు కుళాయిలో వేడిగా వస్తాయి. అప్పుడు డ్రమ్ములోనో, బిందెలోనో పట్టి ఉంచిన మామూలు నీళ్లు మగ్గుతో పోయండి. నీళ్లు తక్కువగా ఉంటే బేసిన్‌లో చెయ్యి ముంచి, నీళ్లు వెచ్చబడగానే మార్చండి. కాలిన వెంటనే కుదరకపోయినా, మూడు గంటల లోపు ఇలా చేస్తే ఉపయోగం ఉంటుంది.

ఇవి మాత్రం రాయొద్దు

టూత్‌పేస్ట్: అందులోని పుదీనా గుణం వల్ల చల్లగా అనిపిస్తుంది అంతే. లోపలి వేడి ఎక్కడికీ పోదు.

నెయ్యి, వెన్న, కొబ్బరి నూనె: వేడి బయటకు పోకుండా మూత వేసినట్టు అవుతుంది.

పసుపు, ఇంకు: రంగు పట్టేస్తే గాయం ఎంత లోతుగా ఉందో డాక్టర్‌కు కనపడదు. ముందు దాన్ని కడగాల్సి వస్తుంది, అదో నరకం.

దోశ పిండి, కోడిగుడ్డు తెల్లసొన: వీటిలోని సూక్ష్మజీవులు కాలిన చర్మంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ తెస్తాయి.

ఐస్ ముక్క: మరీ చల్లదనం వల్ల అక్కడ రక్త ప్రసరణ తగ్గి, దెబ్బతిన్న చర్మం ఇంకా పాడవుతుంది.

బొబ్బ వస్తే?

సూదితో పొడవొద్దు, గిల్లొద్దు. బొబ్బ పైపొర కింద చర్మానికి సహజమైన కట్టు లాంటిది. అదే పగిలిపోతే శుభ్రమైన నీళ్లతో కడిగి, గాజు గుడ్డ కట్టండి. అయితే చేతి వేళ్లు, కీళ్ల మీద బొబ్బలు వస్తే చిన్నవే కదా అనుకోకుండా ఒకసారి డాక్టర్‌కు చూపించాలి. ఆ చర్మం బిగుసుకుంటే వేళ్లు ముడవడం కష్టమవుతుంది.

నొప్పి లేదంటే.. ఇంకా జాగ్రత్త!

చర్మం ఎర్రబడి మంట పుడితే పైపొర మాత్రమే కాలినట్టు. సాధారణంగా వారం రోజుల్లో తగ్గిపోతుంది. బాగా కాలినా నొప్పి తెలియట్లేదు, చర్మం తెల్లగానో, నల్లగానో, తోలులాగానో మారింది అంటే నరాల చివర్ల దాకా దెబ్బ తగిలినట్టు. దానికి ఇంటి వైద్యం పనికిరాదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

కాలిన చోటు బాధితుల అరచేయి కంటే పెద్దగా ఉన్నా, కరెంటు వల్ల గానీ యాసిడ్ వల్ల గానీ కాలినా ఆలస్యం చేయొద్దు, 108కి ఫోన్ చేయండి. చిన్న పిల్లలు, వృద్ధులు, గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు చిన్న గాయమైనా డాక్టర్‌కు చూపించుకోవాలి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు ఎంత కాలిందో కూడా తెలియదు.

ఇంట్లో మానుతున్న గాయం నుంచి చీము, వాసన వచ్చినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, రెండు వారాలైనా మానకపోయినా డాక్టర్‌ను కలవాలి. టీటీ ఇంజెక్షన్ అవసరమా అనేది కూడా అప్పుడే అడగండి.

చాలా ఇళ్లలో చెయ్యి కాలినా వంట ఆగదు. 'ఏం కాదులే' అని ఆ చేత్తోనే చపాతీలు కాల్చేస్తారు. ఇంట్లో ఎవరికి చెయ్యి కాలినా మిగతావాళ్లు చేయాల్సింది ఒక్కటే. గరిటె అందుకుని, వాళ్లను ఆ 20 నిమిషాలు కుళాయి దగ్గరే ఉండనివ్వడం.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. గాయం తీవ్రతపై ఏమాత్రం అనుమానం ఉన్నా డాక్టర్‌ను సంప్రదించండి.